ఆంధ్రలో రాసిన లివింగ్ విల్ బెంగళూరు ఆసుపత్రిలో చెల్లుతుందా?

మీ నాన్నగారిది గుంటూరు, వైద్యం బెంగళూరులో. కోలుకోలేని దశ వస్తే వెంటిలేటర్ వద్దని ఆయన గుంటూరులో రాసిన కాగితం, అంటే లివింగ్ విల్, అక్కడ చెల్లుతుందా అని కదా మీ ప్రశ్న. చెల్లుతుందండీ. ఈ హక్కు 2018 మార్చి 9 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది, దేశమంతటికీ ఒకటే. అయితే ఆసుపత్రులు రాష్ట్రాల పరిధిలోవి, అందుకే అమలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

ముందు కాగితం చూసుకోండి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, దానిపై నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. 2023 జనవరిలో మేజిస్ట్రేటు సంతకం తీసేశారు, పాత నమూనాలు చూసి కోర్టు చుట్టూ తిరగకండి. "నన్ను బాధపెట్టొద్దు" అని రాస్తే ఐసీయూ డాక్టరు ఏ నిర్ణయమూ తీసుకోలేడు. వెంటిలేటర్, డయాలసిస్, సీపీఆర్ (ఆగిన గుండెను ఛాతీ నొక్కి ఆడించడం), ముక్కు గొట్టం... ఒక్కోటీ పేరుపెట్టి, ఏ పరిస్థితిలో వద్దో రాయించండి. ఆయన తరఫున మాట్లాడేవాళ్లు ఇద్దరుంటే మేలు, ఒకరైనా బెంగళూరులోనే ఉండాలి. తెలుగులో రాసుంటే ఇంగ్లిష్ అనువాదం జతచేయండి. ఒక కాపీ మున్సిపాలిటీకి, ఒకటి చూసే డాక్టరుకు ఇవ్వండి. బీరువాలో దాచిన కాగితం ఐసీయూ దాకా రాదు.

కాగితం ప్రకారం వైద్యం ఆపాలంటే డాక్టర్ల బోర్డులు రెండు ఒప్పుకోవాలి. చిక్కంతా రెండో బోర్డు దగ్గరే. మొదటి బోర్డు, అంటే చూస్తున్న డాక్టరు, కనీసం అయిదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు, ఆసుపత్రిలోనే కుదురుతుంది. రెండో దాంట్లో జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరు ఒకరుండాలి. ఆ నామినేషనే లేకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఒక్కో బోర్డూ వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలన్నది నియమం. కర్ణాటక ఆరోగ్యశాఖ 2025 జనవరి 30న దీనిపై సర్క్యులర్ ఇచ్చింది కాబట్టి, బెంగళూరులో అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంది. చేర్చే ముందే మెడికల్ సూపరింటెండెంట్‌ను అడగండి: రెండో బోర్డు ఉందా, నామినీ ఎవరు?

బ్రెయిన్ డెత్ (మెదడు పూర్తిగా, తిరిగిరాకుండా ఆగిపోవడం) వేరే విషయం, దాన్ని దీనితో కలపకండి. అక్కడా రాష్ట్రాల మధ్య తేడాలున్నాయి. అవయవదానం లేకపోయినా బ్రెయిన్ డెత్ నిర్ధారించి వెంటిలేటర్ తీయడానికి కేరళ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది.

బోర్డు లేదంటూ "లామా సంతకం పెట్టి తీసుకెళ్లండి" అంటే, అంటే డాక్టరు సలహాకు విరుద్ధంగా మీరే తీసుకెళ్తున్నట్టు రాసిమ్మంటే, వెంటనే ఒప్పుకోకండి. అలా ఇంటికి వచ్చిన మనిషికి ఆయాసం, నొప్పి తగ్గించే మందు ఇచ్చేవాళ్లుండరు. నిరాకరణ రాతపూర్వకంగా తీసుకోండి, దానిమీద హైకోర్టుకు వెళ్లొచ్చు. ఈలోగా పాలియేటివ్ డాక్టరును, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం చేసే డాక్టరును, పిలవమని పట్టుబట్టండి, దానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు.