మానేయొద్దమ్మా, మాటను విడదీసి చూడు

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్ బైపీసీ ఎలాగో గట్టెక్కి బీఎస్సీ నర్సింగ్‌లో చేరాను. అనాటమీ మాటలు ఎంత బట్టీపట్టినా రెండో రోజుకే మరిచిపోతున్నాను. 'ఇంటర్', 'ఇంట్రా' తారుమారు చేసి రాస్తున్నాను. మానేసి బీఏలో చేరిపోనా?

జవాబు: బీఏ మీద ఇష్టంతో వెళ్తానంటే అది వేరే సంగతి. మాటలకు భయపడి మాత్రం నర్సింగ్ వదలొద్దమ్మా. ఆ మాటల కట్టుబడి నువ్వు తెలుగు వ్యాకరణంలో చదువుకున్నదే. ఆహారం, విహారం, సంహారం, పరిహారం... ఉపసర్గల పాఠం గుర్తుందా? 'హార' ఒక్కటే, ముందున్న ముక్క మారేసరికి అర్థం ఎటో వెళ్లిపోతుంది. లాటిన్ నుంచి ఇంగ్లిషులోకి వచ్చిన మాటలదీ ఇదే దారి.

ఒకసారి లేచి నిలబడు. చేతిని ఒంటికి దూరంగా పక్కకు ఎత్తు, అది అబ్డక్షన్. మళ్లీ తెచ్చి ఒంటికి ఆనించు, అది అడ్డక్షన్. లాటిన్‌లో 'అబ్' అంటే దూరంగా, 'అడ్' అంటే దగ్గరికి, 'డక్' అంటే తీసుకెళ్లడం. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయని చాలామంది 'ఏ బీ డక్షన్', 'ఏ డీ డక్షన్' అని అక్షరాలు విడదీసి పలుకుతారు. నువ్వూ అలాగే పలుకు.

ఇక నీ ఇంటర్, ఇంట్రా. పక్కటెముకల నడుమ ఉండేవి ఇంటర్‌కోస్టల్ కండరాలు. సిర లోపలికి ఎక్కించేది ఇంట్రావీనస్, మనం రోజూ అనే ఐవీ. నీ తికమకకు కారణం తెలివితక్కువతనం కాదు. మన 'అంతర్' రెండు పనులూ ఒక్కటే చేస్తుంది: అంతర్జాతీయంలో 'నడుమ', అంతర్గతంలో 'లోపల'. సంస్కృతంలోని ఈ 'అంతర్', లాటిన్ 'ఇంటర్' ఒకే మూలం నుంచి పుట్టిన అక్కచెల్లెళ్లు కూడా.

వార్డులో మందుల చీటీ మీద 'ఏసీ' అని ఉంటే భోజనానికి ముందు, 'పీసీ' అంటే భోజనం తర్వాత. ఆంటె సిబమ్, పోస్ట్ సిబమ్ అనే లాటిన్ మాటలకు అవి పొట్టి రూపాలు. ఆ 'ఆంటె'నే యాంటినేటల్‌లోనూ ఉంది, కాన్పుకు ముందు అని. యాంటీబయాటిక్‌లోని 'యాంటీ' గ్రీకుది, వ్యతిరేకమని అర్థం. స్పెల్లింగ్‌లో మొదటిదానికి 'ఈ', రెండోదానికి 'ఐ'.

ఒక్క జాగ్రత్త. 'ఇన్' కనిపించగానే 'కాదు' అనుకోకు. స్పిరిట్ డబ్బా మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటే మంట ఇట్టే అంటుకుంటుందని. అందుకే ముందు ఊహించు, తర్వాత డిక్షనరీలో సరిచూసుకో. మందుల దగ్గర ఊహే వద్దు, సీనియర్ సిస్టర్‌ను అడుగు.

పొడుగు నోటుబుక్కు ఒకటి కొనుక్కుని, పేజీకి ఒక ముక్క చొప్పున పైన రాసుకో. ఈ రాత్రి 'సబ్'తో మొదలుపెట్టు. సబ్‌కుటేనియస్, చర్మం కింద, ఇన్సులిన్ ఇచ్చే చోటు. సబ్‌లింగ్వల్, నాలుక కింద. మూడో మాట రేపటి క్లాసులో నువ్వే పట్టుకో.