పిల్లాడి గేమ్ ఖర్చు 46 వేలు: మళ్లీ అప్పు చేయకండి, ఎఫ్‌డీ తీయండి

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 28 వేలు. మా వారికి 45 వేలు వస్తుంది. నెల ఖర్చు 52 వేలు. ఎనిమిదో తరగతి చదివే మా బాబు నా ఫోన్లో గేమ్ ఆడుతూ, నా క్రెడిట్ కార్డుతో 46,700 రూపాయల డైమండ్లు (గేమ్‌లో మాత్రమే చెల్లే నాణేల్లాంటివి) కొన్నాడు. ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది కాబట్టి అది కొట్టేసి, మెసేజ్ డిలీట్ చేసేవాడట. మా వారికి చెప్పలేక రెండు నెలలు మినిమమ్ డ్యూ (బిల్లులో తప్పనిసరిగా కట్టాల్సిన కనీస మొత్తం) కట్టాను. తర్వాత లోన్ యాప్‌లో 30 వేలు తీసుకుని కార్డుకు కట్టాను. ఇంకా కార్డు మీద 20 వేలు ఉంది. యాప్‌కు ఒక కిస్తీ కట్టాను, రెండున్నాయి. ఒక ఏజెంటు లక్ష రూపాయల పర్సనల్ లోన్ ఇప్పిస్తానంటున్నాడు. తీసుకుని అన్నీ ఒకేసారి తీర్చేయనా? పాప చదువుకని వేసిన 75 వేల ఎఫ్‌డీ ఉంది కానీ దాన్ని ముట్టుకోవడం ఇష్టం లేదు. అసలు పిల్లల దగ్గర ఇలా డబ్బు గుంజడం న్యాయమేనా? ఆన్‌లైన్ గేమ్‌లు బ్యాన్ చేశారన్నారు కదా?

జవాబు: అమ్మా, ఆ లక్ష రూపాయల లోన్ వద్దే వద్దు. రేపే బ్యాంకుకు వెళ్లి ఎఫ్‌డీ తీసేయండి.

మీరు పంపిన లోన్ యాప్ స్క్రీన్‌షాట్ చూశాను. పేరుకు 30 వేలు. ప్రాసెసింగ్ ఫీజు, ఇంకేవో చార్జీలు ముందే కోసేసుకుని మీ ఖాతాలో వేసింది 26,400. కట్టాల్సింది నెలకు 11,500 చొప్పున మూడు కిస్తీలు, అంటే 34,500. లెక్క కడితే నెలకు నూటికి 14 రూపాయల వడ్డీ పైమాటే. వీధిలో ఎవరైనా ఈ వడ్డీ అడిగితే మీరు ఆ గుమ్మం తొక్కేవారా? ఫోన్లో రెండు నిమిషాల్లో వచ్చేసరికి అప్పులా అనిపించలేదు, అంతే. ఇక కార్డు సంగతి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే, 46,700 మీద జీఎస్టీతో కలిపి నెలకు 1,930 దాకా అవుతుంది. మీరు కట్టిన మినిమమ్ డ్యూలో ఎక్కువ భాగం దానికే పోయింది. ఇంత వడ్డీ కడుతూ, ఏడు శాతం వచ్చే ఎఫ్‌డీని కాపాడుకోవడం ఏం లెక్క?

చాలా ఇళ్లలో ఇదే చూస్తున్నాను. పాప పేరు చెప్పి పెట్టిన డబ్బును ముట్టుకోకూడదన్న సెంటిమెంటు, దాని పక్కనే నడిచే అప్పు. ముందస్తుగా తీస్తే బ్యాంకు సాధారణంగా అర శాతమో, ఒక శాతమో వడ్డీ తగ్గిస్తుంది. పోనివ్వండి. కార్డుకు 20 వేలు, యాప్‌కు 23 వేలు కట్టేయగా మీకు 32 వేలు మిగులుతుంది. యాప్ నుంచి బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకుని, ఆ తర్వాతే డిలీట్ చేయండి. కాంటాక్ట్స్‌కు పర్మిషన్ ఇచ్చి ఉంటే ఈరోజే తీసేయండి, అది అడగకూడదని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది. మీ వారికి కూడా ఈ రాత్రికే చెప్పండి. రికవరీ వాళ్ల ఫోన్ ద్వారా తెలియడం కన్నా మీ నోటితో తెలియడం నయం.

ఆ మిగిలిన 32 వేలు మళ్లీ పాప పేరున వేయకండి, అది మీ ఎమర్జెన్సీ ఫండ్. ఇంటికి 73 వేలు వస్తున్నా, 46 వేల దెబ్బకు తట్టుకునే డబ్బు పక్కన లేకపోవడమే మిమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చింది. గేమ్ కాకపోతే ఆస్పత్రి ఖర్చు తెచ్చేది. మీ నెల ఖర్చు 52 వేలు అంటున్నారు కాబట్టి ఆరు నెలలకు 3.12 లక్షలు కావాలి. నెలకు పది వేలు పక్కన పెట్టండి. అది చేరేదాకా కొత్త సిప్ వద్దు, కొత్త చిట్టీ వద్దు. ఇంకో మాట: ఈ డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి. దానికి యూపీఐ లింకు ఉండకూడదు, ఆ బ్యాంకు యాప్ పిల్లాడు పట్టుకునే ఫోన్లో ఉండకూడదు. చిట్టీ పాడటం, బంగారం తాకట్టు మీ కేసులో అక్కర్లేదు.

ఇక న్యాయమా అని అడిగారు. నా దృష్టిలో కాదు. నుమాయిష్‌లో రింగులాట ఆడే పిల్లాడు జేబులో వంద అయిపోతే ఇంటికొస్తాడు. ఇక్కడ జేబు అమ్మది, అందులో ఎంతుందో పిల్లాడికి కనపడదు. పైగా రూపాయలు డైమండ్లుగా మారాక ధర గుర్తుండదు. డ్రెస్సుకు 120 డైమండ్లు కావాలి, ప్యాకులో వందే ఉంటాయి, ఇంకో ప్యాకు కొనక తప్పదు. కొన్నాక 80 మిగులుతాయి, అవి తర్వాతి కొనుగోలుకు ఎర. పక్కనే ఆఫర్ అయిపోతోందంటూ గడియారం పరుగెడుతుంటుంది. ఉచిత డ్రెస్సులో వస్తే స్నేహితులు ‘నూబ్’ (ఆట రానివాడు) అంటారు. పదమూడేళ్ల పిల్లాడు దీనికి లొంగకపోతేనే ఆశ్చర్యం.

బ్యాన్ అయింది డబ్బు పందెం కాసి డబ్బు గెలిచే ఆటలు. తెలంగాణలో 2017 నుంచే ఉంది, కేంద్ర చట్టం 2025లో వచ్చింది. డైమండ్లు కొంటే డబ్బు తిరిగొచ్చే ఆశే లేదు కాబట్టి దాని కిందికి రాదట, నవ్వాలో ఏడవాలో! డబ్బు పెట్టి అదృష్టం పరీక్షించుకునే లూట్ బాక్సులను బెల్జియం 2018లోనే జూదంగా లెక్కకట్టింది. అమెరికాలో ఫోర్ట్‌నైట్ కంపెనీ ఎపిక్, కొనుగోలుదారులను బురిడీ కొట్టించే బటన్ల కేసులో 2022లో 24.5 కోట్ల డాలర్లు వాపసు ఇచ్చేందుకు ఒప్పుకుంది. మన దగ్గర ఇలా బురిడీ కొట్టించే డిజైన్ల మీద, అంటే డార్క్ ప్యాటర్న్‌ల మీద, 2023లో మార్గదర్శకాలు వచ్చాయి. ఆ ఆధారంతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. గూగుల్ ప్లేలో వాపసు అడిగే 48 గంటల గడువు దాటింది కాబట్టి గేమ్ కంపెనీకే మెయిల్ రాయాలి. మైనరుతో ఒప్పందం చెల్లదని మన కాంట్రాక్టు చట్టం అంటుంది, అది కూడా రాయండి. కానీ ఖాతా మీది, ఓటీపీ వచ్చింది మీ ఫోన్‌కే. డబ్బు వాపసు వస్తే సంతోషం, దాన్ని నమ్ముకుని కిస్తీ మాత్రం ఆపకండి.

ప్లే స్టోర్ నుంచి కార్డు తీసేసి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. బాబును కొట్టకండి. కార్డు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి, ఏది ఎంతకు కొన్నాడో వాడి చేతే రూపాయల్లో కూడించండి. ఆటకు డబ్బు ఇవ్వాలనిపిస్తే నెలకు వంద రూపాయల గిఫ్ట్ కోడ్ చాలు, అది అయిపోతే మళ్లీ వచ్చే నెలే.