కొనే ముందు బోర్లించి చూడు

చిట్టీ,

నువ్వు పంపిన పాత వెండి టీ సెట్ ఫోటోలు రాత్రి చూశాను. టీ పాట్, కాఫీ పాట్, పాలగిన్నె, పంచదార గిన్నె, మిగిలిన టీ పారబోసే గిన్నె, వాటి కింద పళ్ళెం. ముచ్చటగానే ఉన్నాయి. కానీ ఎస్టేట్ సేల్‌లో, అంటే ఇంట్లోని పాత సామానంతా అమ్మేసే చోట, ముచ్చటపడి పర్సు తీయకు.

ముందు ఒక్కోదాన్నీ బోర్లించు. ఇంగ్లండ్‌లోలాగా అమెరికాలో వెండి నాణ్యత తెలిపేందుకు దేశమంతటికీ ఒకే ముద్ర వేసే పద్ధతి లేదు. చేసినవాడు కొట్టిన ముద్రే ఆధారం. 'స్టెర్లింగ్' అని ఉంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి. రోడ్ ఐలండ్‌లోని గోరమ్ అనే వెండి సామాను కంపెనీదైతే సింహం, లంగరు, జి అక్షరం కనిపిస్తాయి. 1868 నుంచి ఏ సంవత్సరంలో చేశారో తెలిపే గుర్తు కూడా వేశారు, అన్నిటి మీదా ఒకటే గుర్తు ఉందేమో చూడు. లేదంటే తలా ఒక చోటి నుంచి తెచ్చి జత కలిపిందే. 'క్వాడ్రపుల్ ప్లేట్' అని ఉంటే వెండి పూత మాత్రమే. '1847 రోజర్స్ బ్రదర్స్' అని కనిపిస్తే అది 1847 నాటిదని మురిసిపోకు. అది బ్రాండ్ పేరు, ఇరవయ్యో శతాబ్దంలో చేసిన పూత సరుకు మీదా ఉంటుంది. గిన్నెలన్నీ స్టెర్లింగే అయినా పళ్ళెం పూతది కావడం మామూలే.

అసలు సంగతి అతుకుల దగ్గర ఉంటుంది. కొమ్ము మొదలు, మూత బందు, పిడి అంటుకున్న చోటు వెలుతురులో చూడు. అక్కడ బూడిద రంగు మరకలా ఉంటే ఎవరో సీసం కలిసిన టంకంతో మాటు వేశారని అర్థం. తర్వాత పొట్ట మీద నోటితో ఆవిరి ఊదు. పాత యజమానుల పొడి అక్షరాలు చెరిపేసి ఉంటే వాటి ఛాయ ఒక్క క్షణం తేలుతుంది. అలా గీకేసిన చోట రేకు పలచబడుతుంది, బొటనవేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోయినట్టుంటుంది. పొడి అక్షరాలున్నాయని మాత్రం వద్దనకు, అవి ఉన్నదే నాకిష్టం.

పిడికి రెండు చోట్ల తెల్లని బిళ్ళలుంటాయి, వేడి చేతికి తగలకుండా. చాలా పాత సెట్లలో అవి ఏనుగు దంతం. వాటి అమ్మకం మీద ఇక్కడ చట్టం గట్టిగా ఉంది, అడిగి తెలుసుకో. ఆ పాట్‌ని డిష్‌వాషర్‌లో పెట్టావో, బిళ్ళ బీటలు వారుతుంది.

ధర విషయం. గ్రాముల త్రాసు పట్టుకెళ్ళు. రెండు కిలోల స్టెర్లింగ్‌లో 1,850 గ్రాములే వెండి. చెక్క పిడి ఉంటే దాని బరువు తీసెయ్. 1980 జనవరిలో వెండి ఔన్సు యాభై డాలర్ల దాకా ఎగబాకినప్పుడు ఇలాంటి సెట్లు ఎన్నిటినో వెండి కోసం కరిగించేశారు, అందుకే పనితనం బాగుంటే వెండి రేటు మీద కొంచెం ఎక్కువైనా నేను ఇస్తాను. సొట్టలున్న సాదా సెట్‌కి మాత్రం పైసా ఎక్కువివ్వను.

ఇంటికి తెచ్చాక మన పద్ధతిలో విభూది, టూత్‌పేస్ట్ పెట్టి తోమకు. నా మొదటి పంచదార గిన్నె మీది ద్రాక్షతీగ చెక్కడాన్ని నేను అలాగే సగం అరగదీశాను. గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. చెక్కడం సందుల్లో నలుపు ఉండనీ, నగిషీ కనబడేది దానివల్లే.

శనివారం వెళ్ళగానే గిన్నెల అడుగున ఉన్న ముద్రల ఫోటోలు దగ్గరగా తీసి పంపు. నేను ఫోన్ దగ్గరే ఉంటాను.

మీ పెద్దమ్మ