వర్క్‌షాప్ ప్రపోజల్ తిరిగొచ్చిందా? ముందు పరిధి తగ్గించండి

ఒక కాన్ఫరెన్స్‌తో పాటు వర్క్‌షాప్ జరుపుతామని "భారతీయ భాషల ఎన్‌ఎల్‌పీ" (కంప్యూటర్‌తో మనుషుల భాషను విశ్లేషించే రంగం) పేరుతో ప్రపోజల్ పంపితే "పరిధి మరీ పెద్దది" అని తిప్పికొట్టారని రాశారు. నాకైతే ఆ మాట న్యాయంగానే అనిపించింది. ఆ పేరు కింద ఏదైనా ఇమిడిపోతుంది. అది ప్రధాన కాన్ఫరెన్స్‌లోనే ఎందుకు కుదరదో రివ్యూయర్‌కు అర్థం కాదు.

2021లో ఈఏసీఎల్ అనే ఎన్‌ఎల్‌పీ కాన్ఫరెన్స్‌తో పాటు జరిగిన ద్రవిడ భాషల వర్క్‌షాప్ చూడండి. ఒకే భాషా కుటుంబం, పైగా షేర్డ్ టాస్క్‌లు, అంటే ఒకే డేటా మీద అందరూ పోటీపడే పనులు. తమిళం, మలయాళం, కన్నడ కోడ్-మిక్స్‌డ్ (వేరే భాష కలిపి రాసిన) కామెంట్లలో అభ్యంతరకర మాటల్ని గుర్తించడం వాటిలో ఒకటి. డేటా చేతికిస్తే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. మీ దగ్గర ట్యాగ్ చేసిన తెలుగు డేటా ఉందన్నారుగా, దాన్నే ముందు పెట్టండి.

స్పీకర్ల పేర్ల పక్కన "ఒప్పుకున్నారు", "ఇంకా అడగాలి" అని విడివిడిగా రాయండి. ఎవర్నీ అడక్కుండా పెద్ద పేర్లు పేరిస్తే ఇట్టే తెలిసిపోతుంది. నిర్వాహకులంతా ఒకే ల్యాబ్ వాళ్లు కావడం కూడా మైనస్సే, బయటి నుంచి కనీసం ఇద్దరిని కలుపుకోండి.

న్యూరిప్స్ అనే మెషిన్ లెర్నింగ్ కాన్ఫరెన్స్‌కూ పంపుతామన్నారు. అక్కడ నిర్వాహకులు తమ వర్క్‌షాప్‌లో తామే టాక్ ఇవ్వకూడదు. మీ గైడ్ గారి పేరు నిర్వాహకుల్లోనూ, స్పీకర్లలోనూ ఉంది, ఏదో ఒక చోట తీసేయండి. ఆయనకు చెప్పడమే అసలు టెన్షన్, తెలుసు!

మార్చిన మొదటి పేరా ఇక్కడ పెట్టండి, చూస్తాను.