కారులోని చిన్న కంప్యూటర్లు, అంటే కంట్రోలర్లు, అన్నీ ఒకే తీగ మీద మాట్లాడుకుంటే బ్రేక్ మెసేజ్ ఆలస్యం కాదా?

మెసేజ్‌లు గుద్దుకుని పాడవ్వవు గానీ, ఆలస్యం మాత్రం ఉంటుంది. అది ఎంతలోపు అన్నదే అసలు విషయం.

ఇంజన్, బ్రేకులు, స్టీరింగ్ కంట్రోలర్లు ఎక్కువగా క్యాన్ బస్ అనే జంట తీగ మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ దీన్ని 1986లో బయటపెట్టింది. ఇందులో అందరినీ అదుపు చేసే పెద్ద కంప్యూటరంటూ లేదు. ప్రతి మెసేజ్ ముందు ఒక నంబరు వెళ్తుంది, మామూలుగా 11 బిట్లు. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే, తీగ మీద 0 ఎప్పుడూ 1ని అణిచేస్తుంది. తను 1 పంపినా తీగ మీద 0 కనిపిస్తే ఆ కంట్రోలర్ అక్కడే ఆగిపోతుంది. చిన్న నంబరున్న మెసేజ్ ఒక్క బిట్ కూడా చెడకుండా సాగిపోతుంది. ఈ ఏర్పాటు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అందుకే అత్యవసర మెసేజ్‌లకు చిన్న నంబర్లిస్తారు. అయినా అప్పటికే బయల్దేరిన మెసేజ్‌ను మధ్యలో ఆపలేం. 8 బైట్ల డేటాతో అది గరిష్ఠంగా 135 బిట్లు. సెకనుకు 500 కిలోబిట్ల వేగంలో 270 మైక్రోసెకన్లు. అన్నిటికన్నా చిన్న నంబరున్న మెసేజ్ ఆగాల్సింది మహా అయితే అంతే. పెద్ద నంబర్ల వాటికి ఆలస్యం లెక్క చిక్కుగా ఉంటుంది. పరిశోధకులు కెన్ టిండెల్, ఆలన్ బర్న్స్ 1990లలో దీనికి ఇచ్చిన సూత్రాన్నే చాలాకాలం నమ్మారు. కొన్ని సందర్భాల్లో అది ఆలస్యాన్ని తక్కువ చేసి చూపిస్తుందని 2007లో తేలింది. సరిదిద్దిన వాళ్లలో బర్న్స్ కూడా ఉన్నారు!

ఇక మెసేజ్ ఎవరు పంపారో సరిచూసే ఏర్పాటు మూల క్యాన్‌లో లేదు. అది వేరే పెద్ద తలనొప్పి.