చిన్న బల్ల మీద పెద్ద సైన్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కాజీపేటలోని పాత ఇంట్లో ఉన్నంతకాలం ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మంచం మీద ప్లైవుడ్ పరచి, నేనూ మా బావమరిదీ చెరో 2,000 పాయింట్ల (పాయింట్లంటే ఒక్కొక్క దళానికి దాని బలాన్ని బట్టి కట్టే విలువ) సైన్యంతో, చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధక్రీడ వార్‌హామర్ 40,000 ఆడుకునేవాళ్ళం. హనుమకొండలో ఫ్లాట్‌కు మారిన తరువాత, డైనింగ్ టేబుల్ మీద నిలిచేలా ఆ ప్లైవుడ్‌ను 60 అంగుళాల పొడవుకు, 44 అంగుళాల వెడల్పుకు కోయించాము. సైన్యాలు అవే, గోడలు, శిథిలాలు కలిపి అడ్డంకులు కూడా అవే 12. అయినా ఒకప్పుడు ఎక్కువగా గెలిచే అతని ఫిరంగుల సైన్యం ఇప్పుడు నా కత్తుల సైన్యం చేతిలో వరుసగా ఓడిపోతున్నది. తప్పంతా బల్లదేనని అతను వాదిస్తున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ బావమరిది మాటలో సగం నిజం ఉన్నది. మిగిలిన సగం మీ అడ్డంకుల పెట్టెలో ఉన్నది.

ముందుగా లెక్క చూద్దాం. పాత బల్ల 72×48 అంగుళాలు, అంటే 3,456 చదరపు అంగుళాలు. కొత్తది 60×44, అంటే 2,640. పొడవులో ఒక అడుగు, వెడల్పులో నాలుగు అంగుళాలే పోయినట్టు కంటికి కనిపించినా, యుద్ధభూమిలో దాదాపు నాలుగో వంతు మాయమైంది. మీరు కోయించిన కొలత తప్పేమీ కాదు. 2020లో వచ్చిన ఆ ఆట నియమాల తొమ్మిదవ ఎడిషన్ 2,000 పాయింట్ల ఆటకు కనీస కొలతగా దీనినే చెప్పింది. అయితే అది కనీస కొలత మాత్రమేనని, అంతకంటె పెద్ద బల్ల మీద ఆడకూడదని దాని అర్థం కాదని చాలామంది మరచిపోయారు.

ఇప్పుడు ఆ పోయిన నేల ఎక్కడ పోయిందో చూడాలి. పొడవాటి అంచుల వెంట ఎదురెదురుగా మోహరించి, నడుమ 24 అంగుళాలు వదిలితే, పాత బల్ల మీద ఒక్కొక్కరికి 12 అంగుళాల లోతు దక్కుతుంది. కొత్త బల్ల మీద 10 అంగుళాలే. అంటే మీ కత్తుల దళం దాటవలసిన ఖాళీ ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. ఒక విడతకు ఆరు అంగుళాలు నడిచే కాల్బలం, రెండు పాచికల సగటు ఏడు కనుక, ఆఖరి దూకుడులో మరో ఏడు అంగుళాలు కలుపుకున్నా, తన మోహరింపు గీత మీద కదలకుండా నిలిచిన శత్రువును తాకడానికి ఏ బల్ల మీదనైనా మూడో రౌండు రావలసిందే. కాబట్టి ‘దగ్గరైపోయాము, అందుకే ఓడుతున్నాము’ అన్న వాదన నిలవదు.

తగ్గినది వెనుక, పక్కల ఉన్న చోటు. ఫిరంగుల సైన్యానికి ప్రాణం అక్కడే ఉంటుంది. పాత బల్ల మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకు 86 అంగుళాలకు పైగా దూరం ఉండేది, ఇప్పుడు 74 చిల్లర. 48 అంగుళాల దూరం కొట్టే లాస్‌కానన్ అనే పెద్ద తుపాకీని వెనుకటి రోజులలో ఒక చివర నిలిపితే, మీరు మరో చివర పోరాడుతున్నంతసేపు దాని జోలికి వెళ్ళలేకపోయేవారు. ఇప్పుడు బల్ల మధ్యలో జరిగే ప్రతి పోరుకూ అది అందుబాటులోనే ఉంటుంది, మీకూ అది అందుబాటులోనే ఉంటుంది. పైగా వెడల్పు మొత్తం 44 అంగుళాలే అయినప్పుడు 48 అంగుళాల తుపాకీకి, 36 అంగుళాల తుపాకీకి మధ్య తేడా చాలావరకు కాగితం మీదనే మిగులుతుంది. కానీ మీ బావమరిది ఆ తేడాకు పాయింట్లు చెల్లిస్తూనే ఉన్నాడు.

ఇక అడ్డంకుల సంగతి. నా అభిప్రాయంలో అసలు కారణం ఇదే. పాత బల్ల మీద 12 అడ్డంకులంటే ప్రతి 288 చదరపు అంగుళాలకు ఒకటి. ఇప్పుడు ప్రతి 220కి ఒకటి. మీరు బల్లను కోయించారు కానీ గోడల పెట్టెను ముట్టుకోలేదు. గోడలు చిక్కబడితే చూపు ఆగిపోతుంది, చూపు ఆగితే ఫిరంగి మూగబోతుంది, కత్తి పట్టినవాడు మాత్రం గోడ చాటున నడుచుకుంటూ వచ్చేస్తాడు. ముందు మూడు అడ్డంకులు తీసివేసి, తొమ్మిదింటితో నాలుగైదు ఆటలు ఆడి చూడండి. అప్పటికీ తేడా రాకపోతే సైన్యాల మీద చేయి వేయండి: పాత బల్ల మీద 2,000 పాయింట్లకు ఉన్న ఒత్తిడే కొత్త బల్ల మీద కావాలంటే చెరో 1,500 పాయింట్లు చాలు. రెండు మార్పులూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పులిమేక ఆడినవారికి ఈ కిటుకు కొత్తది కాదు. 23 కూడళ్ళ పటం మీద 3 పులులు, 15 మేకలు ఉంటాయి. మేకలను ఒక్కొక్కటిగా దించుతున్నంతసేపు పులిదే రాజ్యం. చివరి మేక దిగేసరికి ఖాళీ కూడళ్ళు వేళ్ళ మీద లెక్కించేటన్ని మిగిలి, ఆట తిరగబడుతుంది. పులి బలం తగ్గలేదు, దానికి దూకే చోటు తగ్గింది.

ప్రశ్న: బల్ల చిన్నదైనప్పుడు అంగుళాలన్నింటినీ సెంటీమీటర్లుగా చదువుకుంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఆరు మిల్లీమీటర్ల ఎత్తున్న బొమ్మలతో బాగా సరిపోతుంది, 28 మిల్లీమీటర్ల బొమ్మలతో సరిపోదు. దూరాలు కుదించగలము గానీ బొమ్మ కింది బిళ్ళను కుదించలేము. 32 మిల్లీమీటర్ల బిళ్ళల మీది పది మంది సైనికులను వరుసగా ఆనించి నిలబెడితే 32 సెంటీమీటర్లు. బల్ల మొత్తం 72 సెంటీమీటర్లే అయితే ఒక్క దళంతోనే సగానికి దగ్గరగా నిండిపోతుంది, మిగిలిన సైన్యం వంటింట్లో నిలబడవలసి వస్తుంది.

ప్రశ్న: మా దగ్గర 44×30 అంగుళాల బల్ల మాత్రమే ఉన్నది. దాని మీద 28 మిల్లీమీటర్ల బొమ్మలతో ఓరుగల్లు కోట ముట్టడిని ఆడాలని కోరిక. కోట మొత్తం పెట్టడానికి వీలవుతుందా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: కోట మొత్తం పెట్టడానికి వీలు కాదు, ఆ ఆలోచన మానుకుంటేనే మీ ఆట బాగుపడుతుంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ నిజమైన మనిషిలో సుమారు 60వ వంతు. రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, దానిని 60వ వంతుకు కుదించినా 20 మీటర్లు కావాలి. దాని బయటి మట్టికోటకు అందులో రెండింతలు కావాలి. రాతిగోడకు 45 బురుజులు ఉన్నాయి కదా, గోడ చుట్టుకొలతను వాటికి సమంగా పంచితే ఒక బురుజు నుంచి మరో బురుజుకు సుమారు 84 మీటర్లు, అంటే బల్ల మీద 55 అంగుళాలు. మీ బల్ల పొడవు 44 అంగుళాలే కనుక దాని మీద ఒక్క బురుజుకే చోటు. మీ బల్ల నిజానికి 67 మీటర్ల పొడవు, 46 మీటర్ల వెడల్పు ఉన్న నేలచెక్క.

అంత చిన్న నేలలో ముట్టడి మొత్తాన్ని ఇరికించడం కంటె, ముట్టడిలో ఒక గంటను ఎంచుకోవడం మేలు. అందుకు కోట ద్వారాన్ని మించిన చోటు లేదు. ఖిలా వరంగల్‌కు వెళ్ళినప్పుడు గమనించండి: రాతికోట ద్వారంలోకి దారి తిన్నగా పోదు, గోడల నడుమ మలుపు తిరిగి లోపలికి చేరుతుంది. వచ్చినవాడి వేగం తగ్గించి, పైనుంచి కొట్టడానికి వీలుగా చేసిన ఏర్పాటు అది. మలుపు ఉన్న చోట చూపు కొద్ది దూరమే సాగుతుంది కనుక విల్లు ఎంత దూరం కొడుతుందన్న ప్రశ్నే రాదు, చిన్న బల్ల లోపం కనబడదు. హనుమకొండ పాఠకునికి చెప్పిన సలహాకు ఇది పూర్తిగా వ్యతిరేకం, ఇక్కడ గోడలు ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది. ఎందుకంటే ఇక్కడ ఆట అంతా ఆ ఇరుకులోనే ఉన్నది.

ఒక్క ఆటతో తృప్తి కలగకపోతే రెండుగా విడగొట్టండి. 1310 ఆరంభంలో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సేనలు ముందు మట్టికోటను పట్టుకుని, ఆ తరువాతే రాతికోట మీదికి వచ్చాయి. చివరకు ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. మట్టికట్ట మీద మొదటి ఆట, కందకం అంచున రెండో ఆట పెట్టి, మొదటి దానిలో మిగిలిన బొమ్మలనే రెండో దానిలోకి తీసుకువెళ్తే, అదే 44 అంగుళాల బల్ల మీద ముట్టడి మొత్తం సాగుతుంది. కోట మొత్తం ఒకేసారి కళ్ళ ముందు ఉండాలన్న పట్టుదల వదలలేకపోతే, బొమ్మలను వదిలి పటం పట్టండి: 1824లో ప్రష్యా సైన్యం చేపట్టిన క్రీగ్‌స్పీల్ ఆటలో పటం కొలత 8,000వ వంతు. ఆ కొలతలో మన రాతికోట 15 సెంటీమీటర్లే.

ప్రశ్న: మా ఇంట్లో క్యారమ్ బోర్డు తప్ప మరేమీ లేదు. దాని మీద ఆడదగిన యుద్ధక్రీడ ఉన్నదా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఉన్నది. పెద్ద క్యారమ్ బోర్డు ఆడే భాగం 29 అంగుళాల చదరం. వార్‌హామర్ 40,000 ప్రపంచంలోనే కొద్దిమంది సైనికులతో ఆడే కిల్ టీమ్ ఆటకు, దాని 2021 నాటి నియమాల ప్రకారం కావలసినది 30×22 అంగుళాలు కనుక, పొడవులో ఒక్క అంగుళం తక్కువైనా ఇద్దరూ ఒప్పుకుంటే ఇబ్బంది లేదు. ప్రాచీన యుద్ధాల మీద మక్కువ ఉంటే డి.బి.ఎ. (డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్) అనే ఆట నియమాలు చూడండి, 15 మిల్లీమీటర్ల బొమ్మలతో, ఒక్కొక్కరికి 12 పటాలాలతో, రెండడుగుల చదరంలోనే ఆట పూర్తవుతుంది. చుట్టూ ఉన్న చట్రం వల్ల పాచికలు కింద పడవు, ఈ సౌకర్యం మా ఖరీదైన బల్లకు కూడా లేదు. బోరిక్ పౌడర్‌ను మాత్రం శుభ్రంగా తుడిచి, మందపాటి గుడ్డ పరచండి. లేకపోతే బొమ్మలు జారిపోతాయి, లోహపు బిళ్ళలు గీతలు పెడతాయి, ఆ తరువాత ఇంట్లో క్యారమ్ ఆడేవారితో మొదలయ్యే యుద్ధానికి మా దగ్గర నియమాలు లేవు.