సామోస్‌కు ‘చెందిన’ వారెవరు?

సందేహం: గ్రీసులోని సామోస్ దీవి చరిత్ర మీద వ్యాసం రాస్తూ ‘సామోస్‌కు చెందిన ప్రముఖులు పైథాగరస్, అరిస్టార్కస్, ఎపిక్యూరస్, ఈసప్, యుపలినస్’ అని మొదలుపెట్టాను. ఈ వాక్యంలో తప్పుందని ఒక మిత్రుడన్నారు. ఏమిటది? ‘అరిస్టార్కస్ ఆఫ్ సామోస్’ను తెలుగులో ఎలా రాయాలి?

సమాధానం: వ్యాకరణానికి లోటు లేదు. చిక్కంతా ‘చెందిన’తోనే. ఫలానా ఊరికి చెందినవాడంటే ఆ ఊరివాడనే చదువరికి తోస్తుంది. పైథాగరస్‌కూ అరిస్టార్కస్‌కూ ఆ మాట చెల్లుతుంది. తక్కిన ముగ్గురికీ చెల్లదు.

తత్వవేత్త ఎపిక్యూరస్ క్రీ.పూ. 341లో సామోస్‌లో పుట్టినా, అతని తల్లిదండ్రులు ఏథెన్స్ నుంచి వచ్చి స్థిరపడినవారు. అతను ఏథెన్స్ పౌరుడు. కనుక ‘సామోస్‌లో పుట్టిన’ అంటే చాలు. ఈసప్ సామోస్‌లో ఇయాడ్మాన్ అనే వ్యక్తి దగ్గర బానిసగా ఉండేవాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అంతవరకే చెప్పండి.

యుపలినస్ సంగతి వేరు. అతను గ్రీసులోని మెగారా నగరం నుంచి వచ్చిన ఇంజినీరు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో కొండను రెండు వైపుల నుంచీ ఒకేసారి తొలిపించాడు. రెండు జట్లూ కొండ కడుపులో కలుసుకున్నాయి. 1,036 మీటర్ల ఆ సొరంగం గుండా ఊరికి నీళ్లు వచ్చాయి. అంత పని చేసినవాణ్ణి ‘చెందిన’లో కలిపేస్తే అతని ఊరు తప్పిపోతుంది, పని మరుగున పడుతుంది. ‘సామోస్‌లో సొరంగం తవ్వించిన మెగారా ఇంజినీరు యుపలినస్’ అనండి. మనిషి చేసిన పనిని పేరుకు ముందే చెప్పగలగడం తెలుగు వాక్యానికున్న గొప్ప సదుపాయం, దాన్ని వాడుకోవాలి. పైథాగరస్‌నూ ‘సామోస్‌లో పుట్టి, ఇటలీలోని క్రోటన్‌లో శిష్యబృందాన్ని కూర్చుకున్న’ అంటే ఇంకా నిండుగా ఉంటుంది.

అందరినీ ఒకే వాక్యంలో చెప్పాలనుకుంటే ‘సామోస్ చరిత్రలో నిలిచినవారు’ అని మొదలుపెట్టండి.

ఇక ‘ఆఫ్’ మనకు అక్కర్లేదు. పాలకురికి సోమనాథుడు, బమ్మెర పోతన అన్నట్టే ‘సామోస్ అరిస్టార్కస్’. అయితే కొత్త చదువరి సామోస్‌ను ఇంటిపేరనుకోవచ్చు. మొదటిసారి ‘సామోస్ దీవివాడైన అరిస్టార్కస్’ అని, తరువాత పొట్టిగా రాయండి. ఊరిపేరు మాత్రం వదలకండి. సామోత్రేస్ అరిస్టార్కస్ అని మరొకడున్నాడు. అతను గ్రీకు కవి హోమర్ కావ్యాలను పరిష్కరించిన పండితుడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నది సామోస్ అరిస్టార్కస్. ఇద్దరినీ ఒకరనుకుంటే వ్యాసం మొత్తం దెబ్బతింటుంది.

విభక్తి విషయంలో ఒక జాగ్రత్త. ‘సామోస్ లో’ అని విడగొట్టకండి. కలిపి టైపు చేస్తే ‘స్’ కింద లకారపు ఒత్తు పడి ‘సామోస్లో’ అవుతుంది. పొల్లు తరువాత అక్షరాలను విడదీసే కనబడని గుర్తు పెడితే ‘సామోస్‌లో’ అని సరిగ్గా వస్తుంది. ‘సామోసులో’ అన్నా తప్పు లేదు, కాని వ్యాసమంతా ఒకే పద్ధతి పాటించండి.

క్రియలకూ అంతే. నన్నయ రాశాడు అంటున్నాం కాబట్టి పైథాగరస్ ‘చెప్పాడు’ అనడం అగౌరవం కాదు. ఒక పేరాలో ‘చెప్పాడు’, మరో పేరాలో ‘చెప్పారు’ అని మాత్రం రాయకండి.